నీళ్లు చదవడం: చబ్, బార్బెల్ చేపలు నేర్పే ఫ్లూయిడ్ మెకానిక్స్

ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మనందరం మొదట్లోనే ఒక సూత్రం నేర్చుకుంటాం. ప్రవాహం అంటే వైశాల్యం ఇంటూ వేగం. దారి ఇరుకైతే నీటి వేగం పెరుగుతుంది, విశాలమైతే తగ్గుతుంది. దాని మీద రెండు మార్కుల ప్రశ్న వస్తుంది, రాసేస్తాం, అక్కడితో సరి. ఆ సూత్రాన్నే నమ్ముకుని రోజూ కడుపు నింపుకునే రెండు జీవుల గురించి ఈ వ్యాసం. ఒకటి చబ్, రెండోది బార్బెల్. రెండూ ఇంగ్లండ్ నదుల్లో ఉండే చేపలు.

మన కాలేజీ అయ్యాక పై చదువుకని నాటింగ్‌హామ్ వచ్చాను. ఊరిని ఆనుకుని ట్రెంట్ నది పారుతుంది. ఆ ఒడ్డున గాలం వేయడం మొదలుపెట్టి ఇది రెండో ఏడు. ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. ఈ రెండేళ్లలో నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. చేపను పట్టడం చివర్లో జరిగే చిన్న పని, దానికి ముందు చేయాల్సిన పెద్ద పని నీళ్లను చదవడం. చేప ఎక్కడ ఉంటుందో నీళ్లే చెప్తాయి. మనిషి ఎక్కడ కాలు పెట్టకూడదో కూడా ఆ నీళ్లే చెప్తాయి. గాలం పట్టే ఆసక్తి లేనివాళ్లు కూడా రెండో మాట కోసం చివరిదాకా చదవండి.

ఎవరీ చేపలు?

రెండూ మనకి దూరపు చుట్టాలే. మన బొచ్చె, రోహు, పరిగె ఉన్న సిప్రినిఫార్మిస్ గణంలోనే ఇవీ ఉంటాయి. చబ్ శాస్త్రీయ నామం స్క్వేలియస్ సెఫాలస్, బార్బెల్‌ది బార్బస్ బార్బస్. రోహు లాగే వీటికి కూడా దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. అందుకే చబ్ నోట్లో వేలు పెట్టినా ఏమీ కాదు, కానీ లోపలికి గొంతుదాకా పోనిస్తే నలిగిపోతుంది.

చబ్‌ది బలిసిన గుండ్రటి ఒళ్లు. పెద్ద పొలుసులు, తెల్లటి పెదాలు, ఒళ్లుకి మించిన నోరు. ఏది దొరికినా తింటుంది. పురుగులు, నేరేడు లాంటి చిన్న పళ్లు, పిల్ల చేపలు, రొట్టె ముక్కలు, చీజ్, అన్నీ దానికి భోజనమే. అంత తిండిపోతు అయినా మహా పిరికిది. ఒడ్డున మన నీడ కదిలితే చాలు, చెట్టు కిందకి జారుకుంటుంది.

బార్బెల్ దీనికి పూర్తి విరుద్ధం. పొడవాటి ఒళ్లు, చదునైన పొట్ట, ఏటవాలు తల, ముందువైపు వెడల్పాటి రెక్కలు. నోరు తలకి కింది వైపున ఉంటుంది. నోటి చుట్టూ నాలుగు మీసాలు, ముట్టె చివర రెండు, మూలల్లో రెండు. లాటిన్‌లో బార్బా అంటే గడ్డం, పేరు అక్కడినుంచే వచ్చింది. ఆ మీసాలతో నది అడుగున గులకరాళ్ల మధ్య తడుముకుంటూ, రుచి చూసుకుంటూ తింటుంది. మన జెల్లలకీ వాలుగలకీ మీసాలు చేసే పనే ఇది.

బార్బెల్ కథలో కొంచెం భూగోళం కూడా ఉంది. మంచుయుగంలో సముద్రమట్టం బాగా తక్కువగా ఉన్నప్పుడు బ్రిటన్ ఐరోపా ఖండంతో నేల మీదుగా కలిసి ఉండేది. థేమ్స్ లాంటి తూర్పు వైపు నదులు అప్పట్లో ఖండంలోని పెద్ద నదులతో కలిసేవి. అందువల్ల బార్బెల్ థేమ్స్, ట్రెంట్, యార్క్‌షైర్ నదులకి సహజంగా చేరింది. పడమటి వైపు పారే సెవర్న్‌కి ఆ దారి లేదు. అక్కడ ఇప్పుడున్న బార్బెల్ సంతతి 1956లో కెన్నెట్ నది నుంచి తెచ్చి వదిలిన చేపలతో మొదలైంది. మంచినీటి చేప సముద్రం దాటలేదు కాబట్టి, అది ఎక్కడుందో చూసి పాత నదుల దారి చెప్పొచ్చన్నమాట.

నది ఒకే వేగంతో పారదు

ఒడ్డున నిలబడి చూస్తే నది మొత్తం ఒకే నీటి పలకలాగా కనిపిస్తుంది. అది నిజం కాదు. ఒక లెక్క వేద్దాం. నది ఒకచోట 20 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు ఉందనుకోండి. నీటి సగటు వేగం సెకనుకి ఒక మీటరు. అంటే సెకనుకి 10 ఘనపు మీటర్ల నీరు పోతోంది. కాస్త దిగువన అదే వెడల్పుతో లోతు 2 మీటర్లు అయింది. అవే 10 ఘనపు మీటర్లు అక్కడా పోవాలి. వైశాల్యం నాలుగింతలు అయింది కాబట్టి వేగం నాలుగో వంతుకి పడిపోతుంది, సెకనుకి పావు మీటరు.

మొదటిచోట గులకరాళ్ల మీద నీళ్లు గలగలా శబ్దం చేస్తూ, పైన ముడతలు పడుతూ పోతాయి. రెండోచోట నున్నగా, నల్లగా, శబ్దం లేకుండా ఉంటాయి. దాన్ని మనవైపు మడుగు అంటాం. గలగలా పారేచోట గాలి బాగా కలిసి ఆక్సిజన్ ఎక్కువ, రాళ్ల మధ్య పురుగులు ఎక్కువ. మడుగులో విశ్రాంతి, దాక్కోడానికి చోటు. చేపకి రెండూ కావాలి. అందుకే గలగల నీరు మడుగులోకి దిగే అంచు ప్రతి నదిలోనూ మంచి చోటే.

ఇక నిలువుగా చూద్దాం. నో-స్లిప్ కండిషన్ గుర్తుందా? గోడకి తగిలే నీరు కదలదు. నది అడుగు కూడా గోడే. పైన వడిగా పారుతున్న నీరు, అడుగుకి వచ్చేసరికి బాగా నెమ్మదిస్తుంది. గులకరాళ్లు, బండలు ఉంటే వాటి వెనక ఇంకా నెమ్మది. బార్బెల్ ఆ అడుగు పొరలోనే బతుకుతుంది. చదునైన పొట్ట నేలకి ఆనించి, ముందు రెక్కలు చాపితే, దాని ఏటవాలు తల మీదుగా పోయే నీరే దాన్ని కిందకి నొక్కి ఉంచుతుంది. విమానం రెక్క పైకి లేపుతుంది, ఇది కిందకి అదుముతుంది. మనం పైనుంచి చూసి "ఇంత వడిలో చేప ఎలా ఉంటుంది?" అనుకునేచోట అది హాయిగా కూర్చుని ఉంటుంది.

చబ్‌కి ఆ ఏర్పాటు లేదు. అది వేరే లెక్క వేసుకుంటుంది. వడినీటికీ నెమ్మది నీటికీ మధ్య ఒక హద్దు ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే నీటి మీద గీతలాగా కనిపిస్తుంది, ఆకులూ నురగా ఆ గీత వెంబడే పోతుంటాయి. చబ్ నెమ్మది వైపు నిలబడి, వడి వైపు నుంచి కొట్టుకొచ్చే తిండిని ఒక్క ఉదుటున అందుకుని మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. ఖర్చు తక్కువ, రాబడి ఎక్కువ. దానికి తోడు నెత్తిన ఒక కప్పు కూడా కావాలి. నీటి మీదకి వాలిన విల్లో చెట్టు కొమ్మలు, వాటికి చిక్కుకున్న చెత్త, నాచు, వంతెన నీడ, ఏదైనా సరే.

నేను గాలం వేసేచోట పక్కన కూర్చునే పెద్దాయన ఒకాయన ఉన్నారు. డెబ్బై దాటి ఉంటాయి. మొదటిరోజు నేను సంచీ దింపగానే రాడ్ బయటికి తీస్తుంటే ఒకే మాట అన్నారు: "అది పక్కన పెట్టు. అరగంట చూడు." అరగంటలో ఆయన నాకు ఆ గీత, ఆ మడుగు అంచు, ఒడ్డుకి దగ్గరగా నీరు వెనక్కి తిరిగే సుడి, మూడూ చూపించారు. చేప ఒక్కటి కూడా చూపించలేదు.

అనుమతులు, కాలాలు

ఇక్కడ గాలం వేయాలంటే ముందు కాగితాల పని. ఇంగ్లండ్‌లో 13 ఏళ్లు నిండిన ఎవరైనా రాడ్ లైసెన్స్ తీసుకోవాలి. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లేకుండా పట్టుబడితే జరిమానా 2,500 పౌండ్ల దాకా ఉండొచ్చు. మన స్టూడెంట్ బడ్జెట్‌కి అదెంతో వేరే చెప్పక్కర్లేదు. లైసెన్స్ ఉంటే సరిపోదు. ఒడ్డు ఎవరిదో వాళ్ల అనుమతి కూడా కావాలి. చాలాచోట్ల ఏదో ఒక క్లబ్బు అజమాయిషీ ఉంటుంది, రోజు టికెట్టో సంవత్సర సభ్యత్వమో తీసుకోవాలి.

మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో ఈ రకం చేపల వేట నిషేధం. అవి గుడ్లు పెట్టే కాలం అది. జూన్ 16న తెల్లవారుజామునే ఒడ్డున జనం చేరతారు, మనవైపు మృగశిర కార్తె నాడు చేపల బజారులో ఉండేంత సందడి. తేడా ఏంటంటే ఇక్కడ ఎవరూ చేపను ఇంటికి తీసుకెళ్లరు. నదుల్లో పట్టిన చబ్, బార్బెల్ 20 సెంటీమీటర్లు దాటితే తిరిగి వదిలేయాలని నిబంధన.

ఇది చెప్పగానే ఇంటినుంచి వచ్చే మొదటి ప్రశ్న "మరి పులుసు పెట్టుకోనప్పుడు పట్టడం దేనికిరా?" అని. న్యాయమైన ప్రశ్న. చబ్ నిండా సన్నటి ముళ్లు, రుచి కూడా అంతంతమాత్రమే అంటారు. 1653లో అచ్చయిన ఐజాక్ వాల్టన్ 'ది కంప్లీట్ యాంగ్లర్'లో దాన్ని తినేలా వండటానికే పెద్ద తతంగం చెప్పారు. బార్బెల్ గుడ్లయితే విషం, తింటే వాంతులు, విరేచనాలు. కానీ అసలు కారణం ఇవి కాదు. ఒక పెద్ద బార్బెల్ అంతదాకా పెరగడానికి పదేళ్లు పైనే పడుతుంది. ట్రెంట్ నది ఒకప్పుడు ఫ్యాక్టరీల మురుగుతో బాగా పాడైపోయింది. నీళ్లు శుభ్రపడ్డాక చేపలు మళ్లీ వచ్చాయి. అలా వచ్చినవాటిని ఒడ్డున ఉన్న వందమందీ తలా ఒకటి పట్టుకెళ్తే నది ఎన్నాళ్లు నిలుస్తుంది? కాబట్టి ఇక్కడ చేప అందరిదీ. పట్టినవాడికి దాన్ని కాసేపు చూసుకునే హక్కు ఉంటుంది, అంతే.

సామాను: కాంటిలీవర్ బీమ్ చేతిలో

గాలం కర్ర ఒక కాంటిలీవర్ బీమ్. ఒక కొస చేతిలో బిగించి ఉంటుంది, రెండో కొస మీద లోడ్. రాడ్ల మీద 'టెస్ట్ కర్వ్' అని ఒక అంకె రాసి ఉంటుంది. రాడ్ కొసని 90 డిగ్రీలు వంచడానికి ఎంత బరువు కావాలో ఆ అంకె. బార్బెల్‌కి మొదట్లో సరిపోయేది 12 అడుగుల రాడ్, టెస్ట్ కర్వ్ 1.75 పౌండ్లు, అంటే సుమారు 800 గ్రాములు. దారం 10 నుంచి 12 పౌండ్ల తెగే బలం ఉన్నది. చబ్‌కి ఇంత మోటు సామాను అక్కర్లేదు. సన్నటి కొస ఉన్న తేలిక రాడ్, 5, 6 పౌండ్ల దారం చాలు.

అంత చిన్న బీమ్‌తో నాలుగైదు కిలోల చేపను ఎలా నిలువరిస్తాం? బీమ్ వంగడమే జవాబు. చేప ఒక్కసారి గుంజినప్పుడు ఆ శక్తిని రాడ్ వంగి మింగుతుంది, దారానికి కుదుపు తగలదు. రీల్ మీద ఉండే డ్రాగ్ మిగతాది చూసుకుంటుంది. దారం తెగే బలం కన్నా తక్కువ లాగుడుకే అది జారి, దారం వదిలేలా బిగించుకోవాలి. మనం సేఫ్టీ వాల్వ్ అని చదువుకున్నది ఇదే.

నది అడుగున ఎర నిలవాలంటే బరువు కావాలి. దానికి ఫీడర్ వాడతారు. చిల్లులున్న చిన్న గొట్టం, పక్కన బరువు, లోపల మేత. నీటిలో పడ్డాక మేత నెమ్మదిగా బయటికి వచ్చి దిగువకి దారి వేస్తుంది. చేప ఆ దారి పట్టుకుని ఎగువకి వస్తుంది, చివర్లో మన ఎర. బెండు కట్టి వేసేవాళ్లు పాతకాలం చిన్న సీసపు గుళ్లు ఇక్కడ వాడకూడదు. హంసలు వాటిని గులకరాళ్లనుకుని మింగి చచ్చిపోతున్నాయని 1987లో నిషేధించారు.

దారం గురించి ఒక సంగతి. నీటిలో ఉన్న దారం మీద కూడా ప్రవాహం ఒత్తిడి పడుతుంది. దారం ఎంత పొడవు నీళ్లలో ఉంటే అంత లాగుడు, ఎంత లావైతే అంత లాగుడు. అందుకే ట్రెంట్ లాంటి పెద్ద నదిలో రాడ్ కొసని ఆకాశంలోకి లేపి పెడతారు, దారం తక్కువ మునగాలని. ఎర వేశాక కొంచెం దారం వదిలితే అది నీటిలో విల్లులా వంగి సర్దుకుంటుంది, ఫీడర్ దొర్లకుండా నిలుస్తుంది. ఇంకా పెద్ద బరువు కట్టడం కన్నా ఇది మంచి పద్ధతి.

ఎక్కువ చెప్పకపోయినా తప్పక పాటించాల్సినది ఒకటుంది. ఫీడర్‌ని దారానికి గట్టిగా ముడేయకూడదు. దారం మీద జారేలా ఉండాలి, లేదా చిక్కుకున్నప్పుడు ముందు తెగే బలహీనమైన ముక్కతో కట్టాలి. పైన దారం తెగిపోతే చేప ఆ బరువు ఈడ్చుకుంటూ ఏ వేళ్లకో చిక్కి చచ్చిపోకూడదు.

ఎర

చబ్‌కి రొట్టె. కొన్న రోజునే మెత్తటి తెల్ల బ్రెడ్ లోపలి భాగం చింపి, గాలం కాడ దగ్గర నొక్కి, చివర్లు వదులుగా ఉంచాలి. నీటిలో పువ్వులా విచ్చుకుంటుంది. చలికాలంలో ఘాటు వాసన చీజ్‌ని మైదాతో కలిపి ముద్ద చేసి వాడతారు. చబ్ గొప్పదనం ఏంటంటే, గడ్డకట్టే చలిలో కూడా కాస్తయినా తింటుంది. బార్బెల్ అలా కాదు. నీటి వేడి 8, 10 డిగ్రీల కిందకి దిగితే దాదాపు ఉపవాసమే. కొత్తవాళ్లు బార్బెల్ కోసం వేసవిలో, శరత్తులో వెళ్లాలి. జనవరిలో వెళ్తే చబ్‌ని నమ్ముకోవాలి.

బార్బెల్‌కి డబ్బా మాంసం ముక్కలు, చేపపొడితో చేసిన పెల్లెట్లు, పురుగులు. ముందు మేతగా చల్లేది హెంప్ గింజలు. అవును, గంజాయి జాతి మొక్క గింజలే. హాస్టల్ వార్డెన్‌కి ఈ పేజీ చూపించేవాళ్లకి మనవి, ఆ గింజల్లో మత్తు ఉండదు, చేపల సామాన్ల కొట్లో బహిరంగంగా అమ్ముతారు. ఉడికిస్తే పగిలి తెల్లటి మొలక బయటికి వస్తుంది. అవి అడుగున రాళ్ల సందుల్లో ఇరుక్కుంటే బార్బెల్ ఒక్కొక్కటీ వెతుక్కుంటూ గంటలకొద్దీ అక్కడే ఉండిపోతుంది.

రెండూ ఎర అందుకునే తీరు వేరు. చబ్ టక్, టక్ అని రెండుసార్లు తట్టి చూస్తుంది, తర్వాత రాడ్ కొస నెమ్మదిగా వంగుతుంది. బార్బెల్‌కి ఆ మర్యాదలు లేవు. రాడ్ ఒక్కసారి వంగి స్టాండ్ మీదనుంచి నదిలోకి వెళ్లబోతుంది. అందుకే బార్బెల్‌కి వేసి ఫోన్ చూసుకుంటూ దూరంగా తిరగకూడదు.

చేప అలసట, నీటిలో ఆక్సిజన్

ఇక్కడినుంచి లెక్క చేపకి ప్రాణాంతకం. బార్బెల్ పోరాడేటప్పుడు ఏమీ దాచుకోదు. ఒడ్డుకి వచ్చేసరికి కండరాల్లో లాక్టేట్ నిండి, ఒళ్లు అదుపు తప్పి ఉంటుంది. అలాగే నీటిలోకి విసిరేస్తే బోర్లా తిరగబడి కొట్టుకుపోతుంది, చచ్చిపోవచ్చు.

చేతులు తడుపుకోవాలి. చేప ఒంటి మీది జిగురు దాని చర్మానికి కాపలా, పొడి చేతికి అది అంటుకుపోతుంది. గాలం నీళ్లలో, వలలో ఉండగానే తీసేయాలి. ఆ తర్వాత వలలోనే చేపను ఎగువకి మొహం పెట్టి, రెండు చేతులతో నిటారుగా పట్టుకోవాలి. నీరు నోట్లోంచి మొప్పల మీదుగా పోతుంది. మన పెద్దాయన చెప్పింది: "నువ్వు వదలకు. అదే నిన్ను వదుల్తుంది." నిజమే, రెండు నిమిషాలకో పది నిమిషాలకో తోక బలంగా కొట్టి చేతిలోంచి వెళ్లిపోతుంది. అప్పుడు అది బతికినట్టు.

ఎండాకాలం ఇంకా జాగ్రత్త. మంచినీటిలో 10 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర అది 9.1 మాత్రమే. నీరు వేడెక్కేకొద్దీ చేపకి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. నది తగ్గి, నీరు వేడిగా ఉన్న రోజుల్లో అనుభవం ఉన్నవాళ్లు బార్బెల్ జోలికి వెళ్లరు. లైసెన్స్ ఉంది, టికెట్ ఉంది, సెలవు ఉంది, అయినా రాడ్ బయటికి తీయరు. ఈ విద్యలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇదే లెక్క మనిషికి

బార్బెల్‌కి అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఆనకట్ట కింద. దూకే నీటిలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది. కానీ మనిషికి నదిలో అన్నిటికన్నా ప్రమాదమైన చోటు కూడా అదే. ఓపెన్ చానెల్ ఫ్లో చదివినవాళ్లకి హైడ్రాలిక్ జంప్ తెలుసు. ఆనకట్ట మీదనుంచి దూకిన నీరు అడుగుకి దిగి, దిగువన పైకి తేలి, పై పొర మళ్లీ ఆనకట్ట వైపుకే తిరుగుతుంది. అందులో పడ్డవాళ్లు ఈది బయటికి రావాలని చూసినకొద్దీ నీరు వెనక్కి లాగుతుంది. గాలి బుడగలు నిండిన నీటికి సాంద్రత తక్కువ కాబట్టి తేలడమూ కష్టమే. పైనుంచి చూస్తే నడుము లోతే కదా అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో వీటిని వియర్ అంటారు, మనం ఆనకట్ట అంటాం. పేరు మారితే ఫిజిక్స్ మారదు.

ఇంకో లెక్క. తొడల దాకా నీళ్లలో నిలబడ్డామనుకోండి. నీటికి ఎదురుగా ఉండే వైశాల్యం ఉజ్జాయింపుగా పావు చదరపు మీటరు, డ్రాగ్ కోయెఫిషియెంట్ ఒకటి. నీటి వేగం సెకనుకి ఒక మీటరు ఉంటే మన మీద పడే బలం 125 న్యూటన్లు, అంటే సుమారు 13 కిలోల బరువుతో నెట్టినట్టు. తట్టుకుంటాం. వేగం రెండు మీటర్లయితే 250 కాదు, 500. ఎందుకంటే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 51 కిలోలు పక్కనుంచి నెడుతుంటే, కాళ్ల కింద నాచు పట్టిన రాయి ఉంటే, ఎంత బలమైనవాళ్లయినా పడిపోతారు. వేగం రెండింతలు అయిందని కంటికి అంత తేలిగ్గా తెలియదు.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో ఏం జరిగిందో మనలో చాలామందికి తెలుసు. హైదరాబాద్ నుంచి టూర్‌కి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు నదిలో రాళ్ల మీద ఫొటోలు తీసుకుంటుండగా ఎగువన లార్జీ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్లతో ఉన్న ఒక టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. మనలాంటివాళ్లే, మన వయసువాళ్లే. అక్కడ హెచ్చరిక వ్యవస్థ ఎలా ఉండాలి, బాధ్యత ఎవరిది అన్నవి పెద్ద ప్రశ్నలు, అవి అడగాల్సిందే. వాళ్లను తప్పుపట్టడానికి కాదు నేను ఇది రాస్తున్నది. నదికి ఎగువ అనేది ఒకటి ఉంటుందని, మన కళ్ల ముందున్న నీరు అక్కడ ఎవరో తిప్పే గేటు మీద ఆధారపడి ఉంటుందని మనకి ఏ తరగతిలోనూ ఎవరూ ఒడ్డున నిలబెట్టి చెప్పలేదు. ఒడ్డున కూర్చునే అలవాటున్న ఎవరైనా మొదట నేర్చుకునేది అదే.

ఇక్కడ మేము చేసేది చెప్తాను. వెళ్లేముందు ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో నీటిమట్టం చూస్తాం, పెరుగుతోందా తగ్గుతోందా అని. ఒడ్డుకి చేరగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చుతాం. అరగంటకి పుల్ల మునిగితే నది పెరుగుతోందన్నమాట. నీటి రంగు మారడం, ఇందాకటిదాకా లేని ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, గలగల శబ్దం ఉన్నట్టుండి తగ్గి మొద్దుగా మారడం, ఇవన్నీ గుర్తులు. రాళ్లు మునిగితే శబ్దం తగ్గుతుంది. నది నిశ్శబ్దమైతే నెమ్మదించిందని కాదు. కానీ ఒక హెచ్చరిక: డ్యామ్ కింద ఈ గుర్తులన్నిటికీ సమయం ఉండదు. గేట్లు ఎత్తితే నీరు నిమిషాల్లో వస్తుంది. కాబట్టి డ్యామ్ దిగువన నది మధ్యలో రాళ్ల మీదకి వెళ్లకపోవడం ఒక్కటే పద్ధతి.

ఒక చిన్న ల్యాబ్

దీనికి గాలం అక్కర్లేదు, నీళ్లలో దిగే పనీ లేదు. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు కృష్ణ, గోదావరి, మంజీర, పెన్నా, నాగావళి, ఏది దగ్గరైతే దాని మీది వంతెన దగ్గరికి వెళ్లండి. మనుషులు నడిచే దారి మీదే నిలబడండి. ఒడ్డు వెంబడి పది మీటర్ల దూరంలో రెండు గుర్తులు ఎంచుకోండి. తేలుతూ వచ్చే ఆకో నురగో ఆ దూరం ఎన్ని సెకన్లలో దాటిందో ఫోన్‌లో కొలవండి. వచ్చేది పై పొర వేగం. దాన్ని 0.85తో గుణిస్తే సగటు వేగం ఉజ్జాయింపుగా వస్తుంది. మధ్యలో ఒకసారి, ఒడ్డు దగ్గర ఒకసారి, వంతెన స్తంభం వెనక ఒకసారి కొలవండి. మూడు అంకెలూ వేరుగా వస్తాయి. తర్వాత పైన చెప్పిన డ్రాగ్ లెక్కలో వాటిని వేసి చూడండి.

ఆ తర్వాత నీటి మీద ఆ గీత కోసం వెతకండి. వడినీటికీ నెమ్మది నీటికీ మధ్య నురగ పోయే గీత. కనిపిస్తే దానికి నెమ్మది వైపు ఏదో ఒక చేప మూతి ఎగువకి పెట్టి నిలబడి ఉంటుంది, మన పరిగో, గండుచేపో. అక్కడుండే జాలరిని అడగండి, సరిగ్గా అక్కడే ఎందుకు వల వేస్తాడో. సూత్రం పేరు చెప్పకపోవచ్చు గానీ, జవాబు మాత్రం తప్పు చెప్పడు.